మక్కచేనుకు పోవాల్సిన సీడీ

"తలుపు జర దగ్గరికెయ్యి గోరీ. తాలింపు వాసనకు బేస్ సరిగ వినొస్తలేదు."

వాసనకూ వినికిడికీ ఉన్న సంబంధమేమిటో ఆ మాటన్న ధర్మాకే తెలియాలి. గోరీ బజ్జీల కోసం చీలుస్తున్న మిరపకాయ పక్కన పెట్టి, పిండి అంటని మోచేత్తో వంటింటి తలుపు నెట్టింది. ఆ తలుపు ఎంత నెట్టినా పూర్తిగా పడదు. తొర్రూరులో ఈ ఇల్లు కట్టిన మేస్త్రి పుణ్యమా అని తలుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్ల సందు మిగిలిపోయింది. బాగు చేయిద్దామని ధర్మా ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాడు. గోరీ మాత్రం ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఆమె విన్న పాటల్లో సగం ఆ సందులోంచి వచ్చినవే.

నెలకో ఆదివారం పొద్దున ఆ ఇంటి హాలు 'తొర్రూరు రాకర్స్'ది. పేరు పెద్దది, మనుషులు ముగ్గురు. కరెంటు ఆఫీసులో పనిచేసే ధర్మా, పెళ్లిళ్లకు డీజే బాక్సులు కిరాయికిచ్చే ఐలేశ్, మహబూబాబాద్‌లో లెక్చరర్‌గా చేస్తూ రెండేళ్ల కిందట వీళ్లతో కలిసిన అభిలాష్. ఐలేశ్ తన బాక్సుల్లో మంచివి రెండు తెచ్చి గోడకు ఆనిస్తాడు. ఒక రాక్ ఆల్బమ్ పెడతారు. మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా వింటారు. ఆ తర్వాత ఏది నిజంగా గొప్ప ఆల్బమో, ఏది జనం ఊరికే నెత్తికెత్తుకున్నదో తేల్చడానికి మధ్యాహ్నం దాకా కొట్టుకుంటారు. ఊరికే నెత్తికెత్తుకున్న వాటికి ఐలేశ్ 'హవా ఆల్బమ్' అని పేరు పెట్టాడు. లోపల సరుకు లేదు, ఉన్నదంతా గాలే అని.

వాళ్లకు నియమాలు రెండు. ఆల్బమ్ నడుస్తున్నంతసేపూ ఎవరూ లేవకూడదు. మొత్తం విన్నవాళ్లకే మాట్లాడే హక్కు, ఓటు వేసే హక్కు. ఎవరూ లేవకూడదన్న ఇంట్లో చాయ్ దానంతటది నడిచి రాదు కదా, అందుకు గోరీ ఉంది. రెండో పాటకు నీళ్లు, ఐదో పాటకు చాయ్, ఆల్బమ్ అయిపోయేసరికి బజ్జీలు. కప్పు పెట్టేటప్పుడు గాజులు చప్పుడైతే ధర్మా కళ్లు తెరవకుండానే చెయ్యి ఊపుతాడు. ఈగను తోలినట్టు ఉంటుంది ఆ ఊపు.

ఏడాదికొక పండగ కూడా ఉంది వాళ్లకు. మక్కచేలు కంకి పట్టే రోజుల్లో ఓటు పెట్టి, ఆ ఏటి హవా ఆల్బమ్ ఏదో తేలుస్తారు. ఓడిపోయిన ఆల్బమ్ సీడీకి సుతిలి కట్టి ఐలేశ్ చేనులో కట్టెకు వేలాడదీస్తారు. అది ఎండకు తళతళలాడుతూ తిరుగుతుంటే చిలకలు కంకుల మీద వాలవు. పాటకు పనికిరాకున్నా పంటకు పనికొచ్చింది అని ఐలేశ్ ఏటా ఒకే మాట అంటాడు, ఏటా అందరూ నవ్వుతారు. ఇప్పటికి ఆరు సీడీలు ఆ చేను కాపలా కాస్తున్నాయి. ఏడోది పోవాల్సిన రోజు ఇవాళ. పోబోయేది 'కోల్డ్ స్టవ్'.

'గ్రే ఫెర్రీ' అని ఎక్కడో చలిదేశపు బ్యాండ్ చేసిన ఆల్బమ్ అది. ఆ ఒక్కటీ చేసి వాళ్లు చెదిరిపోయారు. నెట్‌లో వెతికితే ఎవరో కచేరీలో తీసిన రెండు మసక వీడియోలు తప్ప ఏమీ దొరకదు. ధర్మా జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో, స్టేషన్ దగ్గర పాటలు ఎక్కించే దుకాణంలో ఈ తొమ్మిది పాటలూ సీడీలోకి ఎక్కించుకున్నాడు. కవరు మీద పాటల పేర్లు తన చేత్తో రాసుకున్నాడు. పెళ్లయిన కొత్తలో రోజుకొకసారి పెట్టేవాడు. "మన మూడు జిల్లాలల గిది నా ఒక్కనితాన్నే ఉంది" అని చెప్పుకుని మురిసేవాడు. పాడింది ఒక ఆడమనిషి, గొంతు మంచిదని ఎవరూ అనరు కానీ, ఒకసారి విన్నాక వదలదు.

మరి ఇన్నేళ్లు మోసిన ఆల్బమ్‌కు ఇప్పుడీ గతి ఎందుకు పట్టిందంటే, అభిలాష్ నోరు విప్పాడు. "ధర్మన్నా, ఏమనుకోవద్దు, గిది పక్కా హవా. మూడో పాటకే గొంతు చించుకొని ఉన్నదంత అయిపోగొట్టింది. తర్వాతియన్ని చప్పగ. పాటలు ఎక్కడియక్కడ తెగిపోతున్నయ్. ఎడిటింగ్ రాదు వాళ్లకు" అన్నాడు పోయిన నెల. ఐలేశ్ తలూపాడు. గోరీ సందు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది, ధర్మా ఏదో ఒకటి అనకపోతాడా అని. ధర్మా గడ్డం గోక్కుని, "నిజమే తమ్మీ. చిన్నప్పటి మోజు" అన్నాడు.

గోరీకి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తనను అన్నా అంత వచ్చేది కాదు, అలాంటి మాటలకు చెవులు కాయలు కాచిపోయాయి. "నా కొడుకు పాటలింటె నీకేంది, నీ పని నువ్వు చూస్కో" అని అత్త పెళ్లయిన వారానికే అంది. "ఆడోళ్లకు రాక్ అర్థంగాదు, అది దిమాక్‌తోని వినేది" అని ధర్మా ఒకసారి ఐలేశ్‌తో అంటుంటే ఆమె చాయ్ ట్రేతో అక్కడే ఉంది. వాటన్నిటినీ వంటింట్లో పెట్టి తలుపేసుకోగలిగింది. కానీ ఆల్బమ్ ధర్మాది కాదు, తనది. సీడీ అతను తెచ్చాడు సరే, విన్నది ఎవరు? అతను ఎప్పుడో ఒక ఆదివారం సోఫాలో జారగిలబడి వింటాడు. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ విన్నది, అత్త కాళ్లకు నూనె రాసి వచ్చి విన్నది, కూతురు కడుపులో తన్నుతుంటే గోడకు ఆనుకుని విన్నది. ఆ కూతురిని గురుకులంలో వదిలి వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ లేకపోతే, తొమ్మిది పాటలూ పెట్టుకుని నేల మీద పడుకుని ఏడ్చింది. ఇంగ్లిష్‌లో ప్రతి ముక్కా అందకపోవచ్చు. మదర్ అంటే తెలుసు, బ్రదర్ అంటే తెలుసు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్పే మనిషి ఆమె. వినగా వినగా ఏ పాటలో ఎవరితో మాట్లాడుతోందో పట్టుకుంది. ఒకటి స్నేహితురాలితో, ఒకటి అమ్మతో, ఒకటి నాన్నతో. గొంతు చించుకుందన్న ఆ మూడో పాట పెంచిన కుక్కతో. ఆరోది ఎవరితోనూ కాదు, పొయ్యి ఆర్పి గడప దాటే చప్పుడు, సన్నటి కూనిరాగం, అంతే. ఆ పాట వచ్చేసరికి మగవాళ్లు ముగ్గురూ కబుర్లలో పడతారు.

గోరీ పుట్టింది మహబూబాబాద్ అవతల ఒక తండాలో. వాళ్లలో ఆడపిల్ల అత్తింటికి పోయే రోజు ఢావ్లో అని ఒకటుంటుంది. పాట అంటే పాట, ఏడుపంటే ఏడుపు. పిల్ల ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులేసి, వాళ్లతో తనకున్నదంతా చెప్పుకుని ఏడుస్తుంది. వాళ్ల తండాలో దానికొక వరుస ఉండేది. ముందు అమ్మ, తర్వాత నాన్న, ఇంట్లో ముసలమ్మ, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, తోటి పిల్లలు, తిరిగిన దారి, మేపిన గొడ్లు. గడప అన్నిటికన్నా ఆఖరు. గడపతో చెప్పుకున్నాక మాట ఉండదు, అడుగు పడాల్సిందే. పెళ్లికి నెల ముందు నుంచీ తల్లి ఆమెను కూర్చోబెట్టి నేర్పింది. గోరీ ఒకరోజు మరిచిపోయి గడపను ముందుకు తెస్తే తల్లి పకపకా నవ్వి, "అప్పుడే పోతవా బిడ్డా, నన్నింక పట్టుకోనే లేదు" అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ధర్మా చెల్లెలి పెళ్లి తొర్రూరులో ఫంక్షన్ హాల్లో అయింది. పిల్లను సాగనంపే వేళ ముసలమ్మలు చుట్టుకుని ఢావ్లో ఎత్తుకున్నారు. ధర్మా ఆఫీసు వాళ్లంతా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. "అందరి ముంగట గీ ఏడుపులేంది, ఇజ్జత్ పోతది. నువ్వు షురూ చెయ్యకు" అని గోరీ చెవిలో అని, ఐలేశ్‌కు సైగ చేశాడు. డీజే మోత పెరిగింది. పిల్ల నోరు కదులుతూనే ఉంది, మాట ఎవరికీ వినపడలేదు. మర్నాడు అలసట తీరడానికి ధర్మా కోల్డ్ స్టవ్ పెట్టుకున్నాడు. మూడో పాటలో ఆ పరాయిదేశపు మనిషి అరుస్తుంటే కళ్లు మూసుకుని, "అబ్బ, ఏం బాధ ఉన్నదిర బై గొంతుల" అన్నాడు.

అంట్లు తోముతున్న గోరీకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒక సంగతి వెలిగింది. ఈ పాడే మనిషి చేస్తున్నదీ అదే కదా. ఒక్కొక్కరినీ పట్టుకుని చెప్పుకుంటోంది. కాకపోతే తిరగామరగా చెప్పుకుంటోంది. ఆరో పాటలో గడప దాటేసిన మనిషి ఎనిమిదో పాటలో మళ్లీ వచ్చి నాన్న మెడ పట్టుకుంటుందా? ఏ తల్లీ బిడ్డకు అట్లా నేర్పదు. ఆ వారమే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గోరీ చిన్న సీడీ ప్లేయర్లో పాట నంబరు నొక్కుతూ తన తండా వరుసలో విన్నది. అప్పటి నుంచి ఎప్పుడు విన్నా ఆ వరుసే. ధర్మాకు రెండుసార్లు చెప్పింది. మొదటిసారి అతను కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. రెండోసారి తలుపు దగ్గరికెయ్యమన్నాడు.

ఇవాళ ఓటింగుకు ఒక అతిథి కూడా వస్తున్నాడు. రైల్వేలో గార్డుగా చేసి జనగామలో స్థిరపడ్డ సోమనర్సయ్య సారు. సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద కోల్డ్ స్టవ్ అసలు సీడీ కొని ఈ ప్రాంతానికి తెచ్చింది ఆయనే. స్టేషన్ దగ్గరి దుకాణంవాడు కాపీ చేసుకుంటానని తీసుకుని, తిరిగిచ్చేసరికి దాని నిండా గీతలు. మళ్లీ మోగలేదు. తెచ్చిన ఆయన చేతనే సుతిలి కట్టిద్దామని ధర్మా ముచ్చటపడి ఫోన్ చేశాడు. పన్నెండవుతున్నా జనగామ బస్సు జాడ లేదు.

గోరీ మొదటి వాయి బజ్జీలు తీస్తుండగా కొంగున ఉన్న ఫోన్ మోగింది. బడి నుంచి హెడ్మాస్టర్ మెసేజ్. "మేడం, యాన్యువల్ డేకి మీ తండా డ్రెస్ వేసుకొచ్చి పిల్లలతో డ్యాన్స్ చేయించాలి. గెస్టులు ఇష్టపడతారు." ఏటా ఇదే వరస. పదో తరగతిలో ఆమె పిల్లలు లెక్కల్లో తప్పరు, ఆ సంగతి ఏ ఏడూ స్టేజీ ఎక్కలేదు. ఆమె అద్దాల గాగ్రా మాత్రం ఎక్కాలి. ఒక్క గెస్టూ ఆమె ఏం చెప్తుందని అడగలేదు. గోరీ జవాబివ్వకుండా ఫోన్ పక్కన పెట్టింది.

హాల్లోంచి ఐలేశ్ గొంతు వినిపించింది. "సారు వచ్చేదాక ఎందుకే, ఓటు కానియ్యుండ్రి. కోల్డ్ స్టవ్ హవా అన్నోళ్లు చెయ్యెత్తాలె."

గోరీ సందులోంచి చూసింది. ముందు అభిలాష్ చెయ్యి లేచింది. ఐలేశ్ సుతిలి చుట్టతో పాటే చెయ్యెత్తాడు. ధర్మా ఆ ఇద్దరినీ చూసి మెల్లిగా తనదీ ఎత్తాడు. ఆమె బజ్జీల పళ్లెం పట్టుకుని హాల్లోకి నడిచింది. పళ్లెం బల్ల మీద పెట్టింది.

"దాన్ని కట్టకు ఐలేశ్" అంది.

"ఏంది వదినె?"

"అది హవా కాదు. పాటలు తిరగామరగ ఉన్నయ్. గట్ల వింటె ఎవలకన్న చప్పగనే ఉంటది."

అభిలాష్ మర్యాదస్తుడు, నవ్వడం కూడా మర్యాదగానే నవ్వాడు. "అక్కా, ఆల్బమ్‌ల వరుసంటె వాళ్లు సోచాయించి పెడ్తరు. మనకు నచ్చలేదని తప్పనద్దు."

"వాళ్లు పెట్టిన వరుస గిది కాదు తమ్మీ."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు ధర్మా. గొంతులో కోపం కన్నా కంగారు ఎక్కువ. "లోపట నూనె మాడుతున్నట్టుంది, పో. ఓటేసెటప్పుడు మధ్యల మాట్లాడద్దు. మొత్తం కూసోని విన్నోళ్లకే ఓటు, తెల్వదా?"

గోరీ వంటింట్లోకి వెళ్లింది. ధర్మా గెలిచాననుకుని ఒక బజ్జీ అందుకున్నాడు. లోపల ఆమె పొయ్యి ఆపింది. ఎందుకో గ్యాసు బండ దగ్గర వంగి అదీ కట్టేసింది. చేతులు కడుక్కుంది. పోయేదేముంది, మహా అయితే నవ్వుతారు. నవ్వులు ఆమెకు కొత్త కాదు. కానీ ఇవాళ నోరు మూసుకుంటే ఆ మనిషి పాట పోయి చిలకలను బెదిరించుకుంటూ బతకాలి. మూసుకోవద్దని తనకు తను చెప్పుకుంది. తలుపు బార్లా తీసి మళ్లీ హాల్లోకి వచ్చింది.

"నేను నిలవడి విన్న. పద్నాలుగేండ్ల సంది. మీరు ముగ్గురు కలిసి ఎన్నిసార్లు విన్నరో దానికి పదింతలు విన్న. ఐలేశ్, ఎనిమిదో పాట ఆఖరి ముక్క పెట్టు. అది అయిపోంగనే రెండోది షురూ చెయ్యి. మధ్యల గ్యాప్ రావద్దు."

ధర్మా ఏదో అనబోయాడు. కానీ ఐలేశ్ అప్పటికే సీడీ వేసి ఉన్న తన లాప్‌టాప్ మీదికి వంగాడు. పెళ్లి బరాతుల్లో పాటకు పాట అతికించి బతికే మనిషి, గ్యాప్ రావద్దన్న మాట వినపడితే ఆగలేడు. ఎనిమిదో పాట చివర డ్రమ్స్ పరుగు పరుగున వచ్చి దెబ్బ పడకముందే తెగిపోతుంది. ఎడిటింగ్ రాదని అభిలాష్ అన్నది దాని గురించే. రెండో పాట మొదట్లో ఒక దెబ్బ అకారణంగా పడి ఊరుకుంటుంది. ఇప్పుడు ఆ పరుగు వచ్చి, ఆ దెబ్బ దాని మీద సరిగ్గా పడింది. కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి.

ఐలేశ్ మళ్లీ పెట్టాడు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడు. "వదినె, ఇవి రెండు పాటలు కాదు. ఒక్కటే దెబ్బ" అన్నాడు. "నా జిందగిల గింత మంచి అతుకు వినలే."

"గది ఒక్కటే కాదు. మొత్తం చెప్త, రాస్కో."

కాగితం దొరక్క ఐలేశ్ బజ్జీల కింది పేపరు అంచు చింపాడు. గోరీ ధర్మా వైపు చూడలేదు. ఎదుటి గోడకు చెప్తున్నట్టు చెప్పింది. "ముందు ఐదోది, అది తల్లితోని. అప్పుడు ఎనిమిదోది, నాయినతోని. రెండోది ముసలవ్వ. తొమ్మిదోది చెల్లె. నాలుగోది అన్న. ఒకటోది దోస్తు. ఏడోది వాళ్లూరి బాట. అప్పుడొస్తది మూడోది, కుక్కతోని. అందరితోని చెప్పుకొని గొంతు పచ్చిగైనంక అరుస్తది గా పిల్ల, ఊకె కాదు. ఆఖరుకు ఆరోది, గడప. మీరు ముచ్చట పెట్టుకుంట ఇడిసిపెట్టేది."

"మూడోది ఎనిమిదో నంబర్ల వస్తదా?" అభిలాష్ తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "గట్లయితె క్లైమాక్స్ సరిగ్గ..." మాట అక్కడే ఆపేశాడు.

"ఎవరమ్మా నీకు చెప్పింది గీ వరుస?"

గుమ్మంలో సోమనర్సయ్య సారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, చెప్పులు విడిచి చేత్తో పట్టుకునే మరిచిపోయాడు. ధర్మా లేచి ఎదురెళ్లాడు. "సార్, మా ఇంటామె. ఏదో చెప్తుంది లెండి, కూసోండి."

"ఏదో కాదు, నువ్వాగు" అన్నాడు సారు. భుజాన ఉన్న సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, దాంట్లోంచి అంచులు నలిగిన ఒక అట్ట. అసలు సీడీ కవరు. చల్లారిన పొయ్యి పక్కన మూత లేని గిన్నె బొమ్మ ఉంది దాని మీద. "సీడీ ఖరాబైనా దీన్ని దాసుకున్న. సచ్చిపోయిన దోస్తు ఫొటో లెక్క" అని, వెనక్కి తిప్పి అభిలాష్ చేతికిచ్చాడు. "అచ్చైన వరుస గిది. పేర్లు చదువు. మీ సీడీల ఏ నంబరో సరిచూడు."

అభిలాష్ ఒక చేతిలో ఆ అట్ట, మరో చేతిలో ధర్మా చేతిరాత కవరు పట్టుకుని చదివాడు. మొదటిది, సీడీలో ఐదో నంబరు. రెండోది, ఎనిమిదో నంబరు. మూడోది, రెండు. నాలుగోది, తొమ్మిది. ఒక్కో నంబరుకు ఐలేశ్ నూనె మరకల కాగితం మీద గీత కొడుతున్నాడు. ఐదోది దగ్గర అభిలాష్ ఆగాడు. "గిక్కడ ఒకటి తేడా. అక్కేమో అన్న పాట ముందు, దోస్తుది తర్వాత అని చెప్పింది. వీళ్లు దోస్తును ముందు పెట్టిండ్రు." మిగతా మూడూ సరిపోయాయి. ఆఖరున ఆరు. గడప.

అతను చేతిరాత కవరును మళ్లీ మొదటి నుంచి చూసి నుదురు కొట్టుకున్నాడు. "ధర్మన్నా, ఇంగ్లిష్ అక్షరాల వరుసల ఉన్నయ్ ఇవన్ని. ఏ తోని మొదలయ్యేది ముందు, డబ్ల్యూ తోనిది ఆఖరు. దుకాణపోడు కంప్యూటర్ల పోస్తె అదే సర్దింది, వాడు నంబర్లేసి ఇచ్చిండు. ఇన్నేండ్లు మనం అఆఇఈల లెక్క విన్నం."

"విన్నది మీరు" అంది గోరీ. "నేను కాదు."

అంత మాట ఆ హాల్లో ఆమె ఎప్పుడూ అనలేదు. అన్నాక ఒళ్లంతా తేలికైంది. నవ్వు వచ్చింది, ఆపుకోలేదు. సోమనర్సయ్య సారు కూడా నవ్వాడు. "ఎట్ల పట్టినవ్ బిడ్డా? నేనే సగం మర్చిపోయిన."

ఆమె ఢావ్లో గురించి చెప్పింది. తల్లి నేర్పిన వరుస గురించి, గడపను ముందు తెస్తే తల్లి నవ్వడం గురించి చెప్పింది. ఫంక్షన్ హాలు గురించి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ధర్మా తల వంచుకుని కూర్చున్నాడు, ఐలేశ్ సుతిలి చుట్టను వేళ్ల మధ్య నలుపుతున్నాడు. ఆ రోజు మోత పెంచిన చేతులవి.

"ఒక్కటి పాడు బిడ్డా, విందాం" అన్నాడు సారు ఆపేక్షగా.

"పాడమంటె పాడేది కాదు సార్ అది. ఇల్లు ఇడిసి పోయెటప్పుడు ఏడ్చేది. ఇప్పుడు నేనెక్కడికి పోతలేను" అంది గోరీ. సారు ఒక్క క్షణం ఆమెను చూసి, నిజమే అన్నట్టు తల పంకించాడు.

ధర్మా అప్పుడు నోరు విప్పాడు. "మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"రెండుసార్లు చెప్పిన. ఒకసారి ఉప్పు తక్కువైందన్నవ్. ఇంకోసారి తలుపెయ్యమన్నవ్."

ఐలేశ్ దగ్గుతో నవ్వు కప్పుకున్నాడు. ధర్మా చెవులు ఎర్రబడ్డాయి. గోరీ తనకు జాలి వేస్తుందేమో అనుకుంది, వేయలేదు. వేయనందుకు తప్పు చేసినట్టూ అనిపించలేదు.

"మరి గీ సీడీని ఏం చేద్దాం?" అన్నాడు ఐలేశ్.

"చేనుకే తీస్కపో. చిలకలకు వరుసతోని పని లేదు" అంది గోరీ. "పాటలు మాత్రం సరైన వరుసల కొత్తగ ఎక్కియ్యి. ఇప్పుడే. విందాం."

"ఏ వరుస వదినె? అట్ట మీదిదా, నీదా?"

గోరీ ఆలోచించింది. ఆ దేశంలో అన్న కన్నా దోస్తు ముందేమో. ఆ పిల్ల అన్న ఎట్లాంటివాడో ఎవరికి తెలుసు. "ఆమె చెప్పుకున్నట్టే ఎక్కియ్యి. ఆమె ఇల్లు, ఆమె ఇష్టం" అంది.

ఐలేశ్ పాటలు సర్దుతుండగా ఆమె ఫోన్ తీసి బడికి జవాబు రాసింది. డ్రెస్ తేను సార్, స్టేజీ మీద మా పదో తరగతి పిల్లలతో లెక్కల పజిల్స్ చేయిస్తాను, పది నిమిషాలు ఇవ్వండి. పంపి, ఫోన్ ఆపేసింది. ఇవ్వకపోతే ఏం చేయాలో రేపు చూసుకోవచ్చు. డ్రెస్ మాత్రం పెట్టెలోంచి రాదు.

"గా మధ్యల కూసో బిడ్డా. రెండు బాక్సుల నడుమ గక్కడే సరిగ్గ వినొస్తది" అన్నాడు సోమనర్సయ్య సారు. అది ధర్మా జాగా. సోఫాలో అతని ఒంటికి తగ్గట్టు గుంట కూడా పడి ఉంది. ధర్మా ఒకసారి ఆమెను, ఒకసారి సారును చూసి, లేచి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలోకి మారాడు. గోరీ కాళ్లు పైకి ముడుచుకుని ఆ గుంటలో కూర్చుంది.

పాట మొదలైంది. అమ్మ పాట. రెండు వేళ్ల సందులోంచి సన్నగా వచ్చిన గొంతు, పనుల మధ్య సగం సగం దొరికిన గొంతు ఇప్పుడు రెండు వైపుల నుంచీ వచ్చి ఆమె మీద పడింది. పెదవి విప్పే ముందు ఆ మనిషి పీల్చిన ఊపిరి కూడా వినిపించింది. ఇన్నాళ్లూ ఆ ఊపిరి తనకు దక్కలేదని గోరీకి ఇప్పుడు తెలిసింది. నాన్న పాట తెగి అవ్వ పాట దెబ్బగా పడినప్పుడు అభిలాష్ కుర్చీలో ముందుకు జరిగాడు. కుక్క పాట వచ్చేసరికి ఎవరూ కదలలేదు. ఆ అరుపు ఇన్నాళ్లూ మోత. ఇవాళ అందరినీ వదిలేసుకుని వచ్చిన మనిషి నోరులేని జీవం ముందు మొదటిసారి గొంతెత్తడం. ధర్మా కళ్లు మూసుకోలేదు. తెరిచిన కళ్లలోంచే నీళ్లు కారాయి. తుడుచుకుంటే గోరీ చూస్తుందని తుడుచుకోలేదు, ఆమె ఎలాగూ చూసింది. గోరీ ఏడవలేదు. ఆమెకు పొంగి వచ్చింది సంతోషం, పట్టలేనంత సంతోషం. మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ, గాజులు గలగలమంటున్నా ఆపకుండా విన్నది. ఎవరూ చెయ్యి ఊపలేదు.

గడప పాటలో ఎవరూ కబుర్లు చెప్పుకోలేదు. పొయ్యి ఆర్పిన చప్పుడు, నాలుగడుగులు, కూనిరాగం. ఆ తర్వాత బాక్సుల్లో సన్నటి సొద, అదీ ఆగింది.

సారు గొంతు సవరించుకున్నాడు. "గోరీ, చాయ్..." అని ధర్మా నోట అలవాటుగా సగం వచ్చింది. మిగతా సగం రాలేదు. అతను బార్లా తెరిచి ఉన్న వంటింటి తలుపు వైపు, గంట కిందటే చల్లారిన పొయ్యి వైపు చూశాడు. కుర్చీలోంచి లేచి, ఆ గడప దాకా పోయి, చాయ్‌పత్తా డబ్బా ఎక్కడుంటుందో తెలియక నిలబడి వెనక్కి తిరిగాడు.

"పై అరల ఎడమ దిక్కు" అంది గోరీ కూర్చున్న చోటు నుంచి కదలకుండా. "నాకు చక్కెర అర చెంచనే."